కుట్టులో వదిలిన బట్ట

పెళ్లి బట్టల ఖర్చు అనగానే మాటలన్నీ చీర చుట్టూనే తిరుగుతాయి. కంచిపట్టా, ధర్మవరమా, జరీ ఎంత, ధర ఎంత అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేలుస్తారు. ఆ చీర మీదికి కుట్టించే జాకెట్టు లోపల ఎంత బట్ట వదిలించాలో ఎవరూ అడగరు. నేను మా అమ్మ కుట్టుమిషను పక్కన పెరిగినదాన్ని. ఈ మాఘంలోనే నా పెళ్లయింది. తక్కువలో పెళ్లి బట్టలు ఎలా కానిచ్చావని అడిగే చెల్లెళ్లందరికీ ముందు ఆ వదిలిన బట్ట గురించే చెబుతున్నాను.

పెళ్లి జాకెట్టుకి ఈమధ్య జరుగుతున్న అన్యాయం చూస్తే నాకు బాధేస్తుంది. మగ్గం వర్కు అని వీపు నిండా, చేతుల నిండా, చంకల కిందిదాకా పూసలూ జర్దోసీ కుట్టిస్తారు. కొలత ఒంటికి అతుక్కుపోవాలంటారు. ఫొటోల్లో బాగుంటుంది, నిజమే. ఏడాది తిరిగేసరికి ఒళ్లు కాస్త మారుతుంది, మారడం సహజం. జాకెట్టు పట్టదు. విప్పుదామంటే లోపల పావంగుళం కూడా ఉండదు. ఉన్నా పక్క కుట్టు మీదికి వర్కు వచ్చేసి ఉంటుంది, పూసలు తెంపకుండా ఆ కుట్టు విప్పలేం. ఒక్కోసారి చీర కంటే ఎక్కువ పెట్టి చేయించుకున్న జాకెట్టు ఒక్క పూటతో సరి. చెక్క చట్రానికి బట్ట బిగించి, కొక్కెం సూదితో ఒక్కో పూసా ఎక్కిస్తూ రోజుల తరబడి నడుం వంచి కూర్చుంటే అయ్యే పని అది. అంత కష్టం బీరువా పాలవడం నాకు సహించదు.

అందుకని వర్కుని జాకెట్టు మీద చేయించలేదు. అదే రంగు పట్టుగుడ్డ పట్టీలు ఇచ్చి వాటి మీద చేయించాను. చేతుల అంచుకి రెండు, వీపు మెడకి ఒకటి. జాకెట్టు మామూలుగా కుట్టుకుని, ఆ పట్టీలని పైన చేత్తో సన్నగా కుట్టాను. పక్క కుట్ల దగ్గర ఒకటిన్నర అంగుళం వదిలాను. లైనింగు గుడ్డని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాను. నూలు లైనింగు మొదటి ఉతుకులో కుదించుకుపోతే పైనున్న పట్టు ముడతలు పడుతుంది, ఆ ముడత ఇక పోదు. చంకల్లో చెమట పట్టేచోట చిన్న నూలు ముక్కలు విడిగా టాకాలేసి ఉంచాను, ఊడదీసి ఉతుక్కోవచ్చు. రేపు ఈ జాకెట్టు పాతబడినా ఆ మూడు పట్టీలూ విప్పి ఇంకోదానికి వేసుకుంటాను.

చీర మాత్రం కొనలేదు. అమ్మ పెళ్లి చీరే కట్టుకున్నాను. తొంభైల నాటి ధర్మవరం, కుంకుమరంగు, జానెడు అంచు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉండడంతో మడత పడిన చోటల్లా బట్ట చీలింది. మా వీధిలో ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని కేకేసుకుంటూ తిరిగేవాళ్లకి అమ్మ దాన్ని ఇచ్చేయబోయింది. అలా కొన్న చీరల్ని కాల్చి, జరీలోని వెండి తీసుకుంటారు. అసలు జరీ అంటే వెండి తీగని సన్నని రేకుగా చదును చేసి, పట్టు దారానికి చుట్టి, పైన బంగారు పూత పూసింది. మన మగ్గాలకి ఎక్కువగా సూరత్ నుంచే వస్తుంది. బట్ట బూడిదైనా వెండి మిగులుతుంది కాబట్టి వాళ్లకి బేరం గిట్టుతుంది. దాన్ని నేసిన చేతి పనికి మాత్రం ఆ బేరంలో పైసా విలువ కట్టరు.

“వాళ్లిచ్చేదేదో నేనిస్తా, చీర నాకియ్యమ్మా” అన్నాను.

“చిరిగిన చీరతో పీటల మీద కూర్చుంటావా? నలుగురూ ఏమనుకుంటారే?” అంది.

చీరంతా విప్పి కిటికీ వెలుతురుకి పట్టుకుని చూశాం. చిరుగులన్నీ ఒంటి మీదే ఉన్నాయి. రెండంచులూ, కొంగూ చెక్కు చెదరలేదు. పాత అంచు తీసి కొత్త పట్టుకి వేయడం మన ఊళ్లలో తెలియని పనేమీ కాదు. ఇప్పుడు ఓపిక తగ్గి మానేస్తున్నాం, అంతే.

అంచు వేయడానికి సాదా పట్టు ఎంచేటప్పుడు రంగు కంటే ముందు బరువు చూడాలి. జరీ అంచు బరువు. పల్చటి పట్టుకి వేస్తే కిందికి లాగేసి, కుచ్చిళ్లు పెట్టాక బట్ట జోలెలా వేలాడుతుంది. కొట్లో తాను అంచు నుంచి రెండు దారాలు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిగా రాలితే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టరు. సిల్క్ మార్క్ చీటీ 2004 నుంచీ ఉంది, చీర కొనేటప్పుడు తప్పకుండా అడగాలి. తాను నుంచి మీటర్ల లెక్కన కోయించుకునే బట్టకి మాత్రం అన్ని కొట్లలోనూ అది దొరకదు, అప్పుడు అగ్గిపుల్లే గతి.

ఇక కుట్టడం. పట్టుకి సూది గుచ్చితే ఆ రంధ్రం మిగిలిపోతుంది. నూలుకైతే ఒక ఉతుకు పడగానే పూడుతుంది, పట్టుకి అలా కాదు. అందుకే టాకాలు కూడా కుట్టు లోపలికి పోయే అరంగుళంలోనే వేసుకోవాలి. మిషనుకి 9 నంబరు సూది పెట్టాను. అంచుని ఎక్కడా లాగకుండా, బల్ల మీద పరిచినది పరిచినట్టే ముందుకి జరుపుతూ కుట్టాలి. కాస్త లాగినా సరే, చేయి తీశాక జరీ వెనక్కి ముడుచుకుని బట్టంతా సన్నని ముడతలు పడుతుంది. ఐదున్నర మీటర్లు, రెండు వైపులా. ఒక వైపు నేను, ఒక వైపు అమ్మ కుట్టాం. కింది అంచులో, అమ్మ పెళ్లినాడు ఫాల్ వేసినప్పటి సూది రంధ్రాలు వరసగా అలాగే ఉన్నాయి. సుద్దతో గీత గీసే పని లేకుండా ఆ వరస వెంటే కొత్త ఫాల్ కుట్టాను. అది కుట్టినంతసేపూ అమ్మ నా పక్కనే కూర్చుంది.

తాళి కట్టే వేళకి మా వైపు పెళ్లికూతురు మధుపర్కంలోకి మారుతుంది. తెల్లటి నూలు చీర, ఎర్రటి అంచు. పెళ్లికొడుక్కీ అదే జతలో పంచె, కండువా. పెళ్లి మొత్తంలో అన్నిటికంటే తక్కువ ఖరీదైన బట్టలు ఇవే. పెళ్లిలో అసలైన ఘడియకి ఒంటి మీద ఉండేవీ ఇవే. మన పెద్దవాళ్లు పెట్టిన ఈ పద్ధతంటే నాకు చెప్పలేనంత గౌరవం. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఆ నిమిషానికి ఒకే తెల్లబట్టలో కూర్చుంటారు. ఈమధ్య మధుపర్కాలకి కూడా పాలిస్టరు కలిసిన బట్ట, పైన మెరుపు అంచు వచ్చాయి. హోమం పొగలో, వేడిలో అవి ఒంటికి అంటుకుంటే ఎంత చిరాకో కట్టినవాళ్లకే తెలుసు.

మావి మంగళగిరిలో నేతవాళ్ల ఇంట్లోనే తీసుకున్నాం. అక్కడివి గుంట మగ్గాలు. నేసే మనిషి నేలమట్టంగా కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి పావళ్లు తొక్కుతాడు. మంగళగిరి చీరకి ఒంటి మీద పువ్వూ బుటా ఉండవు. పేరంతా దాని నేతలోని బిగికీ, అంచుకీ వచ్చింది. ఆ అంచులో చిన్న చిన్న గోపురాల వరసని నిజాం అంచు అంటారు. చీర చేతిలోకి తీసుకుని కాస్త బిరుసుగా ఉందన్నాను. ఆ ఇంటావిడ నవ్వి, “గంజి పోనివ్వండమ్మా, అప్పుడు తెలుస్తుంది గుడ్డ సంగతి” అంది. నిజమే. ఉతికేకొద్దీ మెత్తబడుతూ, నేత మాత్రం జరగకుండా నిలబడే నూలు అది. అదే ఇంట్లో సాదా తెల్ల తాను కూడా ఉంది. మా ఆయన హైదరాబాద్‌లో చూసిన అద్దె పోర్షను కిటికీల కొలతలు అప్పటికే ఫోన్‌లో పంపి ఉన్నారు. కొలతలు చూసుకుని, మధుపర్కాలతో పాటే ఆ తాను కూడా కోయించాను. పెళ్లి సంచీలో ఇంటి బట్ట కూడా పడింది.

నగలు అద్దెకి తెచ్చుకున్నాం. పూలజడ మాత్రం మల్లెలతో కట్టించాను, ఎందుకంటే ఆ వాసన అద్దెకి రాదు.

కొత్తకాపురం నిజాంపేట వైపు, రెండు గదులు, ఒక వంటిల్లు. పాలు పొంగించిన మర్నాటికే ఇల్లుగలావిడ వచ్చి, గోడలకి మేకులు కొట్టొద్దమ్మా అని చెప్పి వెళ్లింది. కిటికీ చట్రం మధ్యలో బిగించుకునే స్ప్రింగు కడ్డీలు దొరుకుతాయి, వాటితో పని జరిగిపోయింది. సారెతో పాటు అమ్మ తన పాత కాళ్ల మిషను పంపింది. పేర్లింకా సరిగా తెలియని వీధిలో, గిన్నెలు ఎక్కడ సర్దానో నాకే గుర్తులేని వంటింట్లో, ఆ మిషను పెడలు మీద కాలు పెట్టినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పుట్టింటి మీద బెంగ ఉన్న ప్రతి కొత్త పెళ్లికూతురికీ చేయి తిరిగిన పనొకటి వెంట ఉండాలని మనసారా కోరుకుంటాను.

కర్టెన్లకి బట్ట వెడల్పు కిటికీకి రెట్టింపు దగ్గరగా ఉంటేనే కుచ్చులు నిండుగా పడతాయి. నాలుగడుగుల కిటికీకి 45 అంగుళాల పన్నా బట్ట రెండు పన్నాలు సరిపోయింది. అద్దె ఇళ్లలో ఏ రెండింటి కిటికీలూ ఒక్క ఎత్తులో ఉండవు. అందుకని కింది మడతలో నాలుగంగుళాలు దాచి, చేత్తో దూరం దూరం కుట్లు వేశాను. రేపు ఇల్లు మారినా ఒక దారం లాగితే కర్టెను పొడుగవుతుంది. జాకెట్టుకి పక్కన వదిలిన బట్ట, కర్టెనుకి కింద వదిలిన బట్ట, రెండూ ఒక్క లెక్కే. ఇవాళ్టి కొలతతో కత్తిరించేసి, రేపటికి చోటు లేకుండా చేసుకోవడం నాకు పొదుపనిపించదు. కొట్టువాళ్లు కుట్టిన కర్టెన్ల కింద అరంగుళం మడత చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

చలి పూర్తిగా పోకముందే అత్తయ్య మా ఇంటికి వచ్చి నాలుగు రోజులున్నారు. దుప్పట్లు కొనొద్దు, బొంత కుడదాం అన్నది ఆవిడే. అమ్మవీ, ఆవిడవీ పాత నూలు చీరలు ముందేసుకున్నాం. వాటిల్లో ఒక పట్టుచీర వస్తే పక్కన పెట్టారు. “నూలు ఉతుకుకి ముడుచుకుంటుంది, పట్టు దాని దారి దానిది, రెండూ కలిపితే బొంత ఉబ్బుతుంది” అన్నారు. కుట్టు నేర్చుకున్నది నేను, ఆ మాట తెలిసింది ఆవిడకి. తర్వాత తన సంచీ అడుగు నుంచి ఒక తెల్ల చీర తీశారు. అంచులో ఎరుపు వెలిసి గులాబీకి దిగింది, కొసన పసుపు మరక ఇంకా ఉంది. ఆవిడ మధుపర్కం.

“దీన్ని నేను కోయలేను అత్తయ్యా” అన్నాను.

“కోయమని ఎవరన్నారమ్మాయ్? బొంతకి చీర కోస్తారా ఎక్కడన్నా? మడతేసి అడుగున పరువు. పెట్టెలో ఉంటే నాకేం లాభం, మీరు పరుచుకుంటే కదా.”

లెక్క కూడా సరిగ్గా కుదిరింది. ఐదున్నర మీటర్లంటే పద్ధెనిమిది అడుగులు. మూడు మడతలేస్తే ఆరడుగుల పొడవు, కత్తెర పెట్టకుండానే. పన్నా నాలుగడుగుల లోపే కాబట్టి ఒక్క చీరైతే ఒక్క మనిషికే వస్తుంది. ఇద్దరికి కావాలంటే పక్కన ఇంకో చీర అదే మడతలో పెట్టి రెంటినీ జత చేయాలి. ఆ రెండోది అమ్మ నీలం గళ్ల చీర పెట్టాం. నా మధుపర్కం ఇంకా వ్రతానికి కట్టుకోవాలి, దాని జోలికి పోలేదు.

కుట్టడానికి ఎర్ర దారం కావాలని అత్తయ్య పట్టుబట్టారు. తెల్లచీర మీద ఎర్ర దారం రంగు దిగుతుందేమోనని నా భయం. మూరెడు దారం తెల్లగుడ్డ ముక్కలో చుట్టి, మరిగే నీళ్లలో కాసేపు ఉంచి తీశాం. గుడ్డకి ఎరుపు అంటలేదు. ఆవిడ ఒక కొస నుంచి, నేను ఒక కొస నుంచి ఎర్ర దారంతోనే మొదలుపెట్టాం.