కుండేటి కొమ్ములు పెంచే చేయి

గుట్ట మీద బండల సందున, తుప్పల నీడన ఆకుల్లేని పచ్చటి కాడలు కనబడితే చాలామంది జెముడే అనుకుంటారు. తెలిసినవాళ్లు కొస కొద్దిగా గిల్లి చూస్తారు. జెముడైతే తెల్లటి పాలు కారతాయి. కుండేటి కొమ్ములనే మొక్కకైతే నీళ్లలాంటి రసమే. ఇక అందులో ఏ రకమో తేలాలంటే పూలదాకా ఓపిక పట్టాలి. కాడ పైకి పోనుపోను సన్నబడి, పూలు విడివిడిగా పూస్తే అది వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ మొక్కల పుస్తకంలోకి ఎక్కించిన రకం. లావుపాటి పలకల కాడ కొసన ముదురు ఊదా పూలన్నీ బంతిలా గుమిగూడితే వేరే రకం. దాని వాసన ఈగలకే ప్రీతి, మనకు కాదు!

పెంచడంలోనూ అంతే నేర్పు. కోసిన ముక్కను కొన్నాళ్లు నీడన ఆరనిచ్చి, గాటు పొక్కు కట్టాకే నాటాలి. కుండీలో మట్టి తక్కువ, ఇసుక, గులకరాళ్లు ఎక్కువ. నీళ్లు పోయకుండా చేయి కట్టుకోవడమే అసలు పనితనం. ముసురు పట్టగానే కుండీని చూరు కిందికి జరిపేవారికే ఈ మొక్క దక్కుతుంది.

బరువు తగ్గించే మందుల కోసం దీన్ని అడవుల్లో పీకేస్తున్నారు. మీరు పెంచాలనుకుంటే గుట్ట జోలికి పోకండి, పెంచుతున్నవాళ్లను ఓ ముక్క అడగండి.