నోరులేని జీవాలు: జేమ్స్ హెరియట్ పశువైద్య కథలపై ఒక పరిశీలన

మనుషుల డాక్టరుకు లేని ఇబ్బంది ఒకటి పశువుల డాక్టరుకు ఉంది. అతని రోగి ఎక్కడ నొప్పో చెప్పదు. చెప్పేది యజమాని. ఆ చెప్పేదాంట్లో పశువు బాధ ఎంత, యజమాని బెంగ ఎంత, ఖర్చవుతుందన్న భయం ఎంత అన్నది డాక్టరే విడదీసుకోవాలి. తెలుగులో మనం పశువులను 'నోరులేని జీవాలు' అంటాం. బ్రిటిష్ పశువైద్యుడు జేమ్స్ హెరియట్ తన మొదటి పుస్తకానికి పెట్టిన పేరులోనూ ఇదే భావం ఉంది. 1970లో వచ్చిన ఆ పుస్తకం 'ఇఫ్ ఓన్లీ దే కుడ్ టాక్'. అంటే, 'వాటికి మాటలొస్తే ఎంత బాగుండు' అని. ఈ యూనిట్‌లో మనం పరిశీలించేది ఆ పుస్తకాన్నే. అది మీ చేతిలో లేకపోయినా పాఠం అర్థమయ్యేలా కథలను క్లుప్తంగా చెబుతాను.

ఈ కథలను చాలామంది జంతుప్రేమ కథలుగా చదువుతారు. నేనూ మొదట అలాగే చదివాను, నవ్వుకున్నాను, పక్కన పెట్టాను. రెండోసారి చదివినప్పుడు ఒక విషయం కనిపించింది. దాదాపు ప్రతి కథలోనూ ఎక్కడో ఒకచోట డబ్బు లెక్క ఉంది. ఈ ఆవు ఎంత చేస్తుంది? వైద్యానికి ఎంతవుతుంది? పని చేయలేని గుర్రానికి మేత ఎందుకు? హెరియట్ మంచి కథలన్నీ ఈ లెక్క తప్పిన చోట పుడతాయి. ఈ పాఠంలో ఆ చోట్లను వెతుకుదాం.

రచయిత, కథకుడు

ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోండి. రచయిత అసలు పేరు జేమ్స్ ఆల్‌ఫ్రెడ్ వైట్. 1916లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టి, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పెరిగారు. 1939లో అక్కడి పశువైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుని, 1940లో యార్క్‌షైర్ ప్రాంతపు చిన్న పట్నం థర్స్క్‌లో డోనాల్డ్ సింక్లెయిర్ అనే పశువైద్యుడి దగ్గర చేరారు. యుద్ధకాలంలో వైమానిక దళంలో గడిపిన రోజులు తప్ప ఆయన వృత్తి జీవితం దాదాపు అంతా అక్కడే గడిచింది. మొదటి పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయనకు 53 ఏళ్లు. పశువైద్యులు తమ గురించి ప్రచారం చేసుకోకూడదన్న వృత్తి నియమం ఉండటంతో మారుపేరు అవసరమైంది. జిమ్ హెరియట్ అనే ఫుట్‌బాల్ గోల్‌కీపర్ పేరును అరువు తెచ్చుకున్నారు. మొదటి రెండు పుస్తకాలను కలిపి 1972లో అమెరికాలో 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' పేరుతో వేశాక ఆ మారుపేరే ప్రపంచమంతా తెలిసింది. 1978లో బీబీసీ దాన్ని టీవీ ధారావాహికగా తీసింది. 2020 నుంచి మరో కొత్త ధారావాహిక వస్తోంది.

పుస్తకంలో థర్స్క్ 'డారోబీ' అయింది. సింక్లెయిర్ 'సీగ్‌ఫ్రిడ్ ఫార్నన్' అయ్యారు, ఆయన తమ్ముడు 'ట్రిస్టన్' అయ్యాడు. రచయిత యుద్ధం నడుస్తుండగా థర్స్క్ చేరితే, కథకుడు యుద్ధానికి ముందే డారోబీ చేరతాడు. కనుక దీన్ని ఆత్మకథ అని పరీక్షలో రాయకండి. అనుభవం మీద కట్టిన కల్పన ఇది. ఇకపై రచయిత అంటే వైట్ అనీ, కథకుడు అంటే ఆయన సృష్టించిన కుర్ర డాక్టరనీ అనుకుందాం.

కొట్టంలో మొదటి పాఠం

పుస్తకం ఒక ఈతతో మొదలవుతుంది. మంచు కురుస్తున్న రాత్రి, తెరిచి ఉన్న కొట్టం తలుపులోంచి మంచు వచ్చి కథకుడి నగ్నమైన వీపు మీద పడుతూ ఉంటుంది. అతను రాళ్ల నేల మీద, పేడలో బోర్లా పడుకుని, భుజం దాకా చేయి ఆవు లోపల పెట్టి ఉంటాడు. దూడ తల వెనక్కి తిరిగిపోయింది. సన్నని తాడు దవడకు తగిలించి తలను ముందుకు తేవాలి. ఆవు నొప్పులు తీసిన ప్రతిసారీ చేయి నలిగిపోతోంది. ఇవేవీ కాలేజీ పుస్తకాల్లో రాసి లేవు. పక్కన నిలబడ్డ రైతు బంధువు ఒకాయన, తన ఊరి డాక్టరయితే ఎంత సునాయాసంగా చేసేవాడో ఆపకుండా చెబుతూనే ఉంటాడు.

మీలో ఎవరైనా గోపాలమిత్రగానో పశువుల ఆసుపత్రిలో సహాయకులుగానో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతుంటే, ఆ పెద్దాయనను గుర్తుపట్టే ఉంటారు. ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు.

చివరికి దూడ ప్రాణంతో బయటపడుతుంది. తాగడానికి ఏమైనా ఇవ్వనా అని రైతు అడుగుతాడు. తననే అడిగాడనుకుని కథకుడు ఎంతో కృతజ్ఞతగా ఒప్పుకుంటాడు. రైతు అడిగింది ఆవు గురించి. ఈ చిన్న హాస్యం పుస్తకానికంతటికీ తాళంచెవి లాంటిది. కొట్టంలో ఎవరి స్థానం ఏమిటో అది ఒక్క దెబ్బతో తేల్చేస్తుంది. రైతుకు మొదట ఆవు, తర్వాతే డాక్టరు. దీన్ని కథకుడు అవమానంగా తీసుకోడు, గొప్పగానూ చెప్పుకోడు. హెరియట్ వచనంలో నాకు నచ్చేది ఈ గుణమే. యాంటీబయోటిక్‌లు ఇంకా పశువైద్యులకు అందని కాలం అది. డాక్టరు చేతిలో ఉన్న మందులు తక్కువ, ఓడిపోయే సందర్భాలు ఎక్కువ. అలాంటి చోట తనను తాను చూసి నవ్వుకోలేని మనిషి ఎక్కువకాలం నిలవలేడు.

రెండు ప్రతిఫలాలు

ఇప్పుడు రెండు కథలను పక్కపక్కన పెట్టి చదవండి. పుస్తకంలో అవి దూరదూరంగా ఉంటాయి. కలిపి చదవమని రచయిత ఎక్కడా చెప్పరు.

మొదటిది అందరికీ తెలిసినది. మిసెస్ పంఫ్రీ ధనవంతురాలైన వితంతువు. ఆమె బుల్లి పెకినీస్ కుక్క ట్రికీ వూ. కేకులు, చాక్లెట్లు, రాత్రి పడుకునే ముందు హార్లిక్స్ పెట్టి పెట్టి దాన్ని కదల్లేని స్థితికి తెస్తుంది. కథకుడు దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయి చేసే వైద్యం ఒక్కటే: రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ పెట్టడు. తర్వాత మిగతా కుక్కలతో పరిగెత్తనిస్తాడు. ట్రికీ కోలుకుంటుంది. ఈలోగా ఆమె కుక్క బలం కోసమని రోజూ గుడ్లు పంపుతుంది, తర్వాత వైను, ఆ తర్వాత బ్రాందీ. అవన్నీ డాక్టర్ల కడుపుల్లోకి పోతాయి. కుక్కను ఇంకొన్నాళ్లు ఉంచేసుకుందామా అన్న ఆశ కూడా కథకుడికి కలుగుతుంది. ఇంటికి పంపినప్పుడు ఆమె దాన్ని శస్త్రవైద్య విజయంగా భావించి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

రెండోది మిస్టర్ డీన్ అనే ముసలాయన కథ. బీదల ఇళ్ల వరుసలో ఒంటరిగా ఉంటాడు. భార్య పోయింది. మిగిలింది ముసలి కుక్క బాబ్. పరీక్షించగానే కథకుడికి తెలిసిపోతుంది, కడుపులో కణితి, చేయగలిగింది లేదు. ఆ మాట ముసలాయనకు చెప్పాలి. చెబుతాడు. ముసలాయన కాసేపు కుక్క తల నిమురుతాడు, తర్వాత ఒప్పుకుంటాడు. సూది పని పూర్తయ్యాక ఫీజు ఎంత అని అడుగుతాడు. ఏమీ వద్దని కథకుడు బయటికొస్తాడు. ముసలాయన వెనకాలే వచ్చి ఒక పాత సిగార్ చేతిలో పెడతాడు. ఎప్పటిదో వేడుక నాటి నుంచి దాచుకున్నది.

రెండు కథల్లోనూ యజమాని ఒంటరి. ఇద్దరికీ కుక్కే ఇంటి మనిషి. ఇద్దరూ ఫీజు కాని రూపంలో ప్రతిఫలం ఇస్తారు. ఒకచోట అది డబ్బాలకొద్దీ వస్తుంది, దాని బరువు ఎవరికీ తెలియదు. ఇంకోచోట ఒక్క సిగార్, దాని బరువు కథకుడి జేబులో మనకు కూడా తెలుస్తుంది. అయితే ఇక్కడ విమర్శకులుగా మీరు రచయితను ఒక ప్రశ్న అడగాలి. పంఫ్రీని ఎందుకు నవ్వులాటగా, డీన్‌ను ఎందుకు విషాదంగా రాశారు? ఆమె ప్రేమ అతని ప్రేమకంటే తక్కువదా? పేదవాడి దుఃఖానికి గౌరవం ఇచ్చిన చేతే డబ్బున్న స్త్రీ ఒంటరితనాన్ని వేళాకోళం చేసిందని నాకనిపిస్తుంది. పుస్తకంలో నన్ను బాగా నవ్వించిన కథ అదే కావడం వల్ల ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది.

సొమ్ము

ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువులను 'సొమ్ములు' అంటారు. అదే మాటకు డబ్బు అనీ, ఆస్తి అనీ కూడా అర్థం. యార్క్‌షైర్ రైతుకు ఈ మాట తెలియదు కానీ ఆలోచన మాత్రం ఇదే. అక్కడ ఆవు అంటే పాల లెక్క, గుర్రం అంటే దున్నకం లెక్క. పనికిరాని గుర్రం చివరికి చేరేది గుర్రాలను కోసే అంగడికే.

జాన్ స్కిప్టన్ అలాంటి రైతే. చదువు లేదు. కూలీగా మొదలై పెద్ద పొలానికి యజమాని అయ్యాడు. పైసా వృథా చేయడని పేరు. కథకుణ్ని తన రెండు గుర్రాల పళ్లు చూడమని ఏటి ఒడ్డు మేతబీడుకు తీసుకెళతాడు. రెండూ బాగా ముసలివి. ఏళ్ల తరబడి ఒక్క రోజు కూడా పని చేయలేదు. ఈ ముసలి రైతు ప్రతిరోజూ, ఎండా వానా చూడకుండా, భుజాన గడ్డి వేసుకుని అంత దూరం నడిచి వాటి దగ్గరికి వస్తున్నాడని కథకుడికి అప్పుడు తెలుస్తుంది. కారణం అడిగితే వచ్చే సమాధానం చిన్నది: తాను గొడ్డుచాకిరీ చేసిన రోజుల్లో అవీ తనతోపాటు అదే చాకిరీ చేశాయి.

ఇక్కడ ప్రేమ అన్న మాట రాదు. రైతు వాటిని ముద్దుచేయడు. అతను తీరుస్తున్నది ఒక బాకీ. ట్రాక్టరు గుర్రాన్ని పొలం నుంచి తరిమేస్తున్న కాలంలో, లెక్క తప్ప మరేదీ తెలియదని అందరూ అనుకునే మనిషి రోజూ కొండ దిగి నష్టపు బేరం చేస్తున్నాడు. మనిషికీ జంతువుకూ ఉన్న బంధం గురించి ఈ పుస్తకంలో ఉన్న అత్యుత్తమ కథ ఇదే అని నా తీర్పు. మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే కారణాలు మాత్రం రాయండి.

మంచం పక్కన ప్రశ్న

మిస్ స్టబ్స్ కథను తెలుగు పాఠకులు ఇష్టపడతారు, ఎందుకంటే ఆ ప్రశ్న మనకు దగ్గరిది. మంచం దిగలేని ముసలామె, చుట్టూ ఆమె కుక్కలు, పిల్లులు. చావంటే ఆమెకు భయం లేదు. జంతువులకు ఆత్మ లేదని ఎవరో అన్నారు. అదే నిజమైతే, పోయాక వాటిని మళ్లీ చూడలేనేమోనన్నదే ఆమె భయం. డాక్టరుగా నీ నమ్మకం చెప్పమని అడుగుతుంది. ప్రేమ, విశ్వాసం ఆత్మకు గుర్తులయితే జంతువులకు అవి మనుషులకంటే ఎక్కువే ఉన్నాయన్న అర్థంలో కథకుడు జవాబిస్తాడు. నిజంగా నమ్మే చెబుతున్నానని కూడా అంటాడు.

ఇది పశువైద్యుడి పని కాదు. కానీ ఆ గదిలో ఇంకెవరూ లేరు. నోరులేని రోగుల కోసం వచ్చిన డాక్టరు నోరున్న యజమానులకు జవాబు చెప్పాల్సి రావడం పుస్తకమంతా జరుగుతూనే ఉంటుంది.

చెప్పని సంగతి

వైట్ 1995లో చనిపోయారు. తర్వాత ఆయన కొడుకు రాసిన జీవితచరిత్ర ఒక విషయం బయటపెట్టింది. 1960 ప్రాంతంలో ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనై, విద్యుత్ షాక్ చికిత్స తీసుకున్నారు. ఈ హాస్య కథలన్నీ దాని తర్వాత రాసినవే. పుస్తకాల్లో దాని జాడ లేదు. కథకుడు ఎప్పుడూ ఉదయాన్నే లేచి, కొండల గాలి పీల్చి, మళ్లీ కారెక్కుతాడు. దీన్ని దాపరికం అనవచ్చు. ఏది రాయాలో ఎంచుకునే హక్కు రచయితది అనీ అనవచ్చు. నేను రెండో పక్షం. కానీ ఈ సంగతి తెలిశాక మొదటి అధ్యాయంలోని మంచు ఇంకొంచెం చల్లగా ఉంటుంది.

అసైన్‌మెంట్: ట్రికీ వూ కథను మిసెస్ పంఫ్రీ వైపు నుంచి ఒక పేజీకి మించకుండా తిరగరాయండి. కుక్క ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆమె ఇల్లు ఎలా ఉండి ఉంటుందో అక్కడ మొదలుపెట్టండి.