కావడి తాత అడుగు

గడచిన ఆదివారము తెల్లవారుజామున కాప్రా చెరువు గట్టుమీద ఒక యువకుడు మోకాలిచిప్పను అరచేత అదిమిపట్టి కూర్చుండగా, నడకకు వచ్చిన పెద్దాయన యొకరు నిలిచి, “ఉరుకుడు బంద్ చెయ్ బిడ్డా, చిప్పలు అరిగిపోతయ్” అని హితవు పలికి సాగిపోయెను. ఆ మాట నన్ను నొప్పించినది. 2017లో వెలువడిన యొక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల ఆరోగ్యము కొఱకు పరుగెత్తువారిలో 3.5 శాతము, కదలిక లేక కాలము గడుపువారిలో 10.2 శాతము కనబడినది. పరుగు మోకాలికి శత్రువు కాదని నేనీ శీర్షికలో ఎన్నిమార్లు వ్రాసితినో పాఠకు లెఱుగుదురు.

ఆగస్టులో జరుగు హైదరాబాదు మారథానుకై సిద్ధపడుచున్న ఆ యువకుని నాలుగడుగులు పరుగెత్తి చూపుమంటిని. మడమ దేహభారమునకు చాల ముందుగా పోయి, మోకాలు బిగిసి, నేలను దబ్బున తాకుచున్నది. అట్టి యడుగు పరుగునకే అడ్డుకట్టయై, ఆ ఒత్తిడి మోకాలిపై బడును. ఒంటికాలిపై భారము నిలిచిన క్షణమున ఎదుటి తుంటి క్రిందికి జారి, మోకాలు లోపలికి వాలుచున్నది. అప్పుడు చిప్ప తన గాడిలో తిన్నగా జారక ఒక ప్రక్కకు ఒరయును.

నాకు వెంటనే మా కావడి తాత జ్ఞప్తికి వచ్చెను. ఏటినుండి శివాలయమునకు అభిషేకజలము తెచ్చునపుడు, వెదురుబద్దకు ఇరువైపుల వ్రేలాడు బిందెలలో మామిడాకులు తేలుచుండగా, మోకాళ్లు కొంచెము వంచి, పొట్టిపొట్టి యడుగులు వడివడిగా వేయుచు, బద్ద యూగు లయకు అడుగు కలిపి ఆయన వచ్చుచుండిన చుక్కనీరు తొణికెడిది కాదు. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు 45 మందిని పరుగెత్తించి కనుగొన్నదియు ఇదియే: వేగము మార్చక అడుగుల సంఖ్యను నూటికి ఐదు నుండి పదివఱకు పెంచినచో మోకాలి భారము తగ్గును.

“బాబూ, నిమిషానికి 160 అడుగులైతే 170 వెయ్యి” అని చెప్పి, నొప్పి యెప్పుడు మొదలైనదో అడిగితిని.

“మూడు వారాలైంది సార్. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి. మారథాన్ దగ్గర పడుతోందని ఒక్కసారిగా పదిహేను చేశాను.”

నా తీర్పు అక్కడ తలక్రిందులైనది. అడుగులోని దోషము పాతది, నొప్పి క్రొత్తది. ఐదు కిలోమీటర్లను మోసిన ఆ యడుగే పదునైదును మోయలేకపోయినది. 2018లో కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయమువారు చిప్పనొప్పి గల 69 మంది పరుగరులను మూడు బృందములు చేసి, ఒకరికి పరుగు మోతాదును నొప్పికి తగినట్లు సవరించుకొనుట మాత్రమే నేర్పి, మఱియొకరికి దానితో కండరముల వ్యాయామమును, మూడవవారికి అడుగు దిద్దుటను చేర్చిరి; ఎనిమిది వారములకు మూడు బృందములును ఇంచుమించు సమానముగానే కోలుకొన్నవి.

కావడి తాతను గూర్చి నేనింతకాలము సగమే చెప్పితినని అప్పుడు తోచినది. పదియేండ్ల ప్రాయమున ఆయన కావడికి రెండు చెంబులే కట్టిరట. బిందెల నెత్తుకొనుటకు ఏండ్లు పట్టినవి. శివరాత్రినాడు నీరు ఎక్కువ కావలసినపుడు ఆయన రెండవ మనిషిని పిలిచెడివాడే గాని తన మోత పెంచెడివాడు కాడు.

అడుగు భారమును పంచును. భారమెంతయో నిర్ణయించునది మన యోర్పు. పరుగు ముగిసిన గంటలోపల నొప్పి తగ్గనిచో మరుసటి పరుగు తగ్గింపుడు. మోకాలు వాచినను, పట్టివేసినను వైద్యుని చూడుడు. పరుగు మానకుడు, అడుగుకంటె ముందు దూరమును దిద్దుకొనుడు.