ఫలత్యాగం ఎవరు చేయాలి?

వ్యాపారం ఆరంభించే యువకులకు భగవద్గీతను మార్గదర్శిగా చూపే పుస్తకాలు, ఉపన్యాసాలు ఈ కాలంలో చాలా వస్తున్నాయి. సంతోషమే. కాని వాటిలో ఎక్కువగా వినిపించేది రెండవ అధ్యాయంలోని ఒక్క బోధే: పని చేయడం నీ వంతు, ఫలం మీద ఆశ వద్దు. యజమాని ఈ మాటను పనివారికి వినిపిస్తే, జీతం సంగతి ఎత్తవద్దన్నట్టే అవుతుంది. ఇది మాకు సమ్మతం కాదు.

ఈ విషయంలో గాంధీగారి 'అనాసక్తి యోగం' పీఠికను పాఠకులు చదవాలని కోరుతున్నాము. ఆ గుజరాతీ గీతానువాదం 1930లో వెలువడినా, దాని వేరు మన దక్షిణాఫ్రికాలోనే ఉంది. 1903లో జోహన్నెస్‌బర్గులో వకీలుగా ఉన్నప్పుడు ఆయన శ్లోకాలను కాగితాల మీద రాసి గోడకు అంటించి, పళ్లు తోముకుంటూ కంఠస్థం చేశారు. అపరిగ్రహం అనే మాట ఆయనను ఆలోచనలో పడవేసింది. ఆస్తి చేతిలో ఉన్నా తనది కాదని తలచే ధర్మకర్తలా మెలగాలని అర్థం చేసుకొని, తన పదివేల రూపాయల బీమాను వదులుకున్నారు.

పీఠికలో రెండు విషయాలు ముఖ్యం. ఫలత్యాగమంటే ఫలితాన్ని పట్టించుకోకపోవడం కాదు. రాబోయే ఫలితం, దానికి సాధనం, తన శక్తి తెలిసి ఉండాలి. కనుక లెక్కలు చూడని వర్తకుడిని నిష్కామకర్మి అనలేము. రెండవది, వర్తకంలో ధర్మానికి చోటు లేదనే భ్రమను గీత తొలగించిందని ఆయన అభిప్రాయం.

ఒక లోటు మాత్రం చెప్పాలి. ధర్మకర్త సరిగా నడుచుకోకపోతే పనివాడికి దిక్కేది? అంతా యజమాని మనస్సాక్షికే వదిలితే చాలదు. 1860 నుండి 1911 వరకు గిరిమిట్టు మీద నేటాలుకు వచ్చినవారిలో మన పెద్దలూ ఉన్నారు. చేతికి రాని ఫలం ఎలా ఉంటుందో చెరకు తోటల్లో వారికి ఎవరూ బోధించనక్కరలేకపోయింది. గడువు తీరాక చాలామంది కూరగాయలు పండించి పట్టణాల్లో అమ్ముకున్నారు. వారి కష్టఫలం అప్పుడే వారి చేతికి వచ్చింది.

పీఠికలోని లోటుకు గాంధీగారి జీవితంలోనే జవాబుంది. తన బీమా వదులుకున్న ఆయనే, 1913లో గిరిమిట్టు కూలీల పైని మూడు పౌన్ల పన్నును ఎదిరించే సమ్మెకు నాయకుడయ్యారు. 1914లో ఆ పన్ను రద్దయింది. త్యాగం తనకు, హక్కు కూలివారికి. గీతను అంగడిలోకి తెచ్చే యువకులు ఈ క్రమాన్ని తారుమారు చేయకూడదని మా మనవి.