చేసి చూడు

గెంకి అనే జపనీస్ పాఠ్యపుస్తకం రెండో భాగం పదమూడో పాఠంతో మొదలవుతుంది. అందులో ‘షితె మిరు’ అనే ప్రయోగం ఉంది. ఇంగ్లీషు వివరణ రెండుసార్లు చదివినా పట్టుబడక మాటలు విడదీసి చూశాను. షితె అంటే చేసి. మిరు అంటే చూడు. చేసి చూడు! పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి అమ్మకి చెప్పాను. “అందులో వింతేముందే, మనం అనేదేగా” అంది.

ఆ రాత్రి పాత పాఠాలన్నీ తిరగేశాను. ఆర్నెల్లుగా జపనీస్‌ని ఇంగ్లీషులోకి, ఇంగ్లీషుని తెలుగులోకి మార్చుకుంటూ చుట్టూ తిరిగి ఇంటికొస్తున్నానని అర్థమైంది. ‘కొమె ఒ అరత్తె ఒకు’. కొమె బియ్యం, ఒ మన ‘ని’ లాంటి ప్రత్యయం, అరత్తె కడిగి, ఒకు పెట్టు. బియ్యం కడిగి పెట్టు. మాట వెనక మాట, వరుస కూడా మారలేదు. ఇంగ్లీషులో చెప్పాలంటే వాక్యాన్ని తలకిందులు చెయ్యాలి. ‘కినో కిత హితొ’ అంటే నిన్న వచ్చిన మనిషి. ఇక్కడ, అక్కడ, ఎక్కడ లాగే కొకొ, సొకొ, దొకొ.

ఈ చదువుకి మా ఊరు కూడా కలిసొచ్చింది. మేముండేది టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలో. టొయోటా 2017లో తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని టోరెన్స్ నుంచి ఇక్కడికి తెచ్చింది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. మిత్సువా అనే జపనీస్ సూపర్‌మార్కెట్లో సరుకులు కొని పక్కనే ఉన్న కినోకునియా పుస్తకాల షాపులోకి వెళితే కంజి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు, రాసుకునే గళ్ల నోటుబుక్కులు దొరుకుతాయి. నా మొదటి నోటుబుక్కు అక్కడ కొన్నదే. సొంతంగా నేర్చుకునేవాళ్లకి ఇంత దగ్గర్లో ఇన్ని ఉండడం అదృష్టం.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ జపనీస్‌ని అన్నిటికన్నా కష్టమైన భాషల్లో చేర్చి, దానికి 2200 గంటల తరగతులు పడతాయని లెక్క కట్టింది. కానీ అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల లెక్క. మనం దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

ఉచ్చారణ సంగతే చూడండి. ఒబసన్ అంటే పిన్నో అత్తో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నాయనమ్మో. బిరు అంటే భవనం, బీరు అంటే బీరే. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మనం పలక మీదే నేర్చుకున్నాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడాలు కంటికి ఆనవు. తెలుగులో రాసుకుంటే తప్పు పలకడం కష్టం. అక్షరాల వరుసా పరాయిది కాదు: అ ఇ ఉ ఎ ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధుల ద్వారా జపాన్ చేరిన సంస్కృత అక్షరవిద్య ప్రభావం ఇది. మన ‘చ’ ఉండాల్సిన చోట ‘స’ ఉంది. ‘హ’ పూర్వం ‘ప’గా పలికేదని తెలిస్తే మిగతా వరుస దానంతటదే కుదురుకుంటుంది. ఈ పోలికల్ని పట్టుకుని చుట్టరికాలు కలపమని కాదు. జపనీస్‌కీ తమిళానికీ బంధుత్వం ఉందని జపాన్ పండితుడు ఓనో సుసుము వాదించినా భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పోలిక ఉంది, నేర్చుకోవడానికి పనికొస్తుంది. నాకది చాలు.

తెలుగు ఆదుకోని చోట్లూ ఉన్నాయి. వెళ్లాను, వెళ్లాడు, వెళ్లారు అన్నిటికీ ఒక్కటే ‘ఇత్త’. ‘వ’, ‘గ’ ప్రత్యయాల తేడా నన్ను ఇంకా ఏడిపిస్తూనే ఉంది. ‘సన్’ మన ‘గారు’ లాంటిదే అనుకుంటాం గానీ, బయటి కంపెనీవాళ్లతో మాట్లాడేటప్పుడు మన మేనేజరు పేరు పక్కన అది తీసేయాలి. పెద్దాయన్ని గారు లేకుండా అనడానికి నాకు నోరు రాలేదు. ఇక కంజి. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం ఖాయం చేసినవి 2136. చెట్టు గుర్తు రెండు రాస్తే తోపు, మూడు రాస్తే అడవి. మొదట్లో ఇలా ముద్దుగా ఉంటుంది, తర్వాత చెయ్యి నొప్పి పుట్టేదాకా రాయడమే. రోజుకి మూడు చొప్పున రాస్తున్నాను.

జ్ఞాపకానికి ఆంకి వాడతాను. డేమియన్ ఎల్మ్స్ తన జపనీస్ చదువు కోసం తయారుచేసి 2006లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. ఆ పేరుకి అర్థమే కంఠస్థం. ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన ఉచిత నిఘంటువు ఇవాళ ఎన్నో యాప్‌ల వెనక ఉంది. కంజి మీద చదివే తీరు కూడా అచ్చువేసి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె ఇచ్చే తేలిక వార్తలు రోజుకొకటి చదువుతాను. ఇవి చాలు. పది యాప్‌లు పెట్టుకుంటే యాప్‌లు మార్చడమే చదువైపోతుంది. అయితే మాట్లాడడానికి మాత్రం మనిషి కావాలి. జె.ఎల్.పి.టి. అనే జపనీస్ ప్రావీణ్య పరీక్షలో మాట్లాడే భాగమే లేదు కాబట్టి, సర్టిఫికెట్ చేతికొచ్చినా నోరు పెగలకపోవచ్చు.

ఆ పరీక్ష అమెరికాలో ఏడాదికి ఒక్కసారే, డిసెంబరు మొదటి ఆదివారం. దానికి చదువుతున్న తెలుగువాళ్లకి నాదొక్కటే మనవి. ఈ వారం నుంచి నోటుబుక్కులో ఎడమ పక్క జపనీస్ రాయండి, కుడి పక్క తెలుగు రాయండి. మధ్యలో ఇంగ్లీషు రాయకండి.