కాందిశీక, శరణార్థి శబ్దముల విమర్శ

వలసకుటుంబములను గూర్చి వ్రాయువారు కాందిశీక, శరణార్థి శబ్దములను నేఁడు పర్యాయములుగాఁ బ్రయోగించుచున్నారు. ఈ ప్రయోగము విచారణీయము.

భయముచేఁ బాఱిపోవువాఁడు కాందిశీకుఁ డని యమరసింహుఁడు చెప్పెను. 'ఏ దిక్కునకుఁ బోదును?' అను నర్థము గల ప్రశ్నమందలి 'కాం దిశమ్' అను పదములనుండి యీ శబ్ద మేర్పడినదని వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చూపిరి. ఇది క్రియానిమిత్తమైన నామము గాని జాతినామము గాదు. పరుగు ముగిసిననాఁడు పేరును ముగియవలెను. 1942లో జపానీయుల దండయాత్రకు వెఱచి బర్మానుండి కాలినడకను బయలుదేఱిన యాంధ్రులు నిక్కముగఁ గాందిశీకులు. 1962లో నచట సైనికప్రభుత్వ మేర్పడి, 1964లో దుకాణములను జాతీయము చేసిన పిదప మరలివచ్చినవారికిని నా పేరు తగును. విశాఖపట్టణమున నట్టివారు కుదురుకొనిన తావు నేఁటికిని బర్మా క్యాంపే. ఇండ్లు కట్టుకొని, పౌరులై, మనుమల నెత్తినవారిని నింకను గాందిశీకు లనుట యపప్రయోగము, అన్యాయమును.

శరణార్థిశబ్దము వేఱు. శరణమునకు గృహమనియు, రక్షకుఁడనియు నమరమున రెండర్థములు గలవు. ఇల్లు లేని రక్షణము సగము శరణమే. బర్మా, లంకలనుండి మరలివచ్చినవారి పునరావాసమునకై 1969లో మదరాసున వెలసిన రెప్కో సహకార బ్యాంకు ఆ కుటుంబములనే వాటాదారులుగాఁ జేర్చుకొనెను. అర్థులే యొండొరులకు శరణమైరి.

ఇఁక బౌరత్వము. పాణిని నివాసమును, అభిజనమును వేర్వేఱు సూత్రములఁ జెప్పెను. తా నిపుడుండు చోటు నివాసము; పూర్వులుండిన చోటు అభిజనము. తెనాలి రామకృష్ణకవికి విజయనగరము నివాసము, తెనాలి యభిజనము. 1955నాఁటి పౌరత్వచట్టమును భారతసంతతివారిని నమోదు చేయుటకు నీ రెంటినే యడిగినది: ఇచట వసించుచున్నారా? తాము గాని, తలిదండ్రులు గాని, తాతలు గాని యవిభక్తభారతమునఁ బుట్టిరా? పత్రములు దారిలోఁ బోఁగొట్టుకొనినవాని పక్షమున రెండవప్రశ్నకు బదులు చెప్పఁగలది పూర్వుల యూరే. ఇంటిపేరు నెఱిఁగిన వృద్ధులును, దాయాదులును నోరు విప్పకున్నఁ జట్టము మూఁగది.

గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపచేలకుఁ గోఁతకాలమునఁ గర్నూలు సీమనుండి పిల్లాపాపలతో వచ్చువారి స్థితి దీనికి విపరీతము. వారు పౌరులే, వారి యభిజనమున వివాదము లేదు. కొఱవడినది నివాసము. చేలగట్లపై గుడారములలో వారు నెలలు గడపుదురు. వారిని శరణార్థులని యెవ్వరు ననరు; కాని శరణశబ్దమునకు గృహమను నర్థము గొన్నచో వారికంటె నర్థు లెవరు? ఎండకు, మంచునకు నొక కప్పు, త్రాగునీరు, ఊరిబడిలోఁ బిల్లలకుఁ జోటు: ఇంతపాటి యే యూరైనను జేయఁగలదు. పురమునం దుండువాఁడు పౌరుఁ డని తద్ధితార్థము. పురము చోటీయకున్నఁ బౌరత్వము పత్రమున మాత్రమే యుండును.

కావునఁ గాందిశీకశబ్దము వచ్చినవాని ప్రశ్నమును జెప్పును. శరణార్థిశబ్దము చేర్చుకొనవలసినవారి బాధ్యతను జెప్పును. వ్రాయువా రీ భేదమును బాటింతురు గాక.