వేపకొమ్మ మీద బదనిక

ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేటప్పుడు తలెత్తి చెట్లను చూడటం నాకు ఏనాటి నుంచో ఉన్న అలవాటు. తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు వెళ్తుంటే వేప, కానుగ కొమ్మల్లో ఎక్కడో ఒకచోట ఆకు తీరు మారిపోతుంది. వేప ఆకు రాల్చే మాఘ, ఫాల్గుణ మాసాల్లో అయితే ఇంకా తేలిగ్గా పట్టుకోవచ్చు. మోడుబారిన కొమ్మ మీద దళసరి ఆకుల పచ్చటి గుబురు. అదే బదనిక.

కొమ్మ కిందికి వంగి ఉంటే అతుకు పరిశీలించండి. అక్కడ కొమ్మ కణితిలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులోంచే బదనిక చెట్టు కలపలోకి దిగి నీళ్లు, లవణాలు లాగుతుంది. ఆకులు పచ్చనివే కాబట్టి ఆహారం చాలావరకు తనే తయారుచేసుకుంటుంది. పొగాకు చేలల్లో మొలిచే మరో పరాన్నజీవి పొగాకు మల్లెకు ఆ పచ్చదనమే లేదు, సమస్తం పొగాకు వేరు నుంచే గుంజుకోవాలి. దాని విత్తనాలు నేలలో ఏళ్ల తరబడి పడి ఉండి, తగిన పంట వేరు వదిలే రసాయనం సోకితేనే మొలుస్తాయి. బదనిక గింజకు అలాంటి కబురు అక్కర్లేదు. ఎక్కడ అంటుకుంటే అక్కడే మొలుస్తుంది. కరెంటు తీగ మీద పడినా మొలకెత్తి, ఆధారం దొరక్క ఎండిపోతుంది.

ఆ గింజను కొమ్మకు చేర్చేది మన బొటనవేలి కన్నా కాస్త పెద్దదైన ఫ్లవర్‌పెకర్ పిట్ట. గులాబీరంగు పండు మింగుతుంది, జిగురు వదలని గింజ బయటికొస్తే కొమ్మకేసి రుద్ది వదిలించుకుంటుంది. నారింజరంగు గొట్టంలాంటి బదనిక పువ్వు సంగతి ఇంకా ముచ్చటైనది. తేనెపిట్ట మొగ్గ కొసను ముక్కుతో నొక్కగానే రేకులు విచ్చుకుని వెనక్కి మడుచుకుంటాయి, పుప్పొడి పిట్ట తలకు అంటుతుంది. కొంకణ ప్రాంతంలో ఈ పిట్టలకూ బదనికకూ ఉన్న సంబంధం గురించి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే వ్యాసం రాశారు. ఆ రోజుల్లోనే, 1931-32లో, ఆయన హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే కూడా చేశారు. ఆ చూపు మన నేల మీదా తిరిగిందన్నది నాకు గొప్ప సంతోషం.

బదనిక చెట్టుకు మేలు చేస్తుందని నేను అనను. గుబుళ్లు ఎక్కువైతే కొమ్మ కొస ఎండిపోతుంది, మామిడి కాపు తగ్గుతుంది. తోట ఉన్నవాళ్లు పండు పండకముందే, అతుకుకు కిందుగా కొమ్మను కోసేయాలి. పైన ఆకులు దూసేస్తే లాభం లేదు, అతుకు నుంచి మళ్లీ చిగురిస్తుంది. రోడ్డు పక్క వేపకు, క్యాంపస్ కానుగకు మాత్రం ఇంత కత్తి అక్కర్లేదు. చెట్టు ఆరోగ్యంగా ఉండి, ఒకటి రెండు గుబుళ్లే ఉంటే వదిలేయండి. నగరంలో తేనెపిట్టలకు మిగిలిన పూలు తక్కువ.